విద్యాభ్యాసము నిమిత్తము

అది 2022వ సంవత్సరం, ఆషాఢ మాసం. బోధన్‌లో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా రేకుల షెడ్డులో నా బల్ల, రెండు కుర్చీలు, ఒక బెంచీ, ఒక కంప్యూటర్, దాని మీద దుమ్ము. ఆషాఢంలో రిజిస్ట్రేషన్లు పెట్టుకునేవాళ్లు తక్కువ. మంచి రోజులు కావని కొనేవాడు రాడు, కొనేవాడు రాలేదని అమ్మేవాడు రాడు. ఆ నెలంతా మా దస్తావేజు లేఖరులం ఈగలు తోలుకుంటూ గప్పాలు కొడుతూ కూర్చుంటాం. ఆ విద్యలో మొదటి పీట నాదే. "చెరుకు కోతలు నాలుగు నెలలే, మన గంగారాం కోతలకు సీజనే లేదు" అని పక్క షెడ్డువాళ్లు అంటారు. నేను ఎన్నడూ కాదనలేదు. మంజీరకు వరదొచ్చిన ఏడు ఒక ఎకరం పొలం గట్లు చెదరకుండా తేలుకుంటూ అవతలి మహారాష్ట్ర ఒడ్డుకు పోయిందని, దానికి మరాఠీలో దస్తావేజు రాయించాల్సి వచ్చిందని నేను చెప్పిన ముచ్చటను కోటగిరి వైపు ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు.

మా పని తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. అమ్మకమైనా, పంపకమైనా, దానమైనా కాగితం మీద పెట్టేది మేము. దస్తావేజు చివర వచ్చే భాగాన్ని షెడ్యూల్ అంటాం. అంటే ఆస్తి ఎంత, ఎక్కడ, నాలుగు దిక్కులా హద్దులేమిటి అన్నది. మొదట వచ్చేది రిసైటల్. ఈ ఆస్తి ఎవరిది, వాళ్లకెట్లా దక్కింది, ఇప్పుడు ఎందుకు చేతులు మారుతున్నది అని చెప్పే కథ. షెడ్యూల్‌ను టేపు పెట్టి కొలవొచ్చు. రిసైటల్‌ను నమ్మాల్సిందే. ఈ రెండూ కాక ఈసీ అని ఇంకో కాగితం ఆఫీసువాళ్లిస్తారు. ఒక ఆస్తి మీద ఇన్నేళ్లలో ఏమేం రిజిస్టరయిందో వరుసగా చూపించే పట్టిక అది. ఫలానావాడు అమ్మాడు. ఆ తర్వాత ఫలానావాడు తాకట్టు పెట్టాడు. ఆ తర్వాత విడిపించుకున్నాడు. ఈసీలో 'ఆ తర్వాత' ఉంటుంది, 'అందుకని' ఉండదు.

'అందుకని' రాసేవాణ్ణి నేను. పాతికేళ్లకు పైబడిన నా సర్వీసులో ఈసీ చదివి కన్నీళ్లు పెట్టుకున్న మనిషిని చూడలేదు. నా రిసైటల్ చదివి ఒక సబ్ రిజిస్ట్రార్ కళ్లు తుడుచుకున్నాడు. ఫ్యాన్ దుమ్ము పడిందని కొందరంటారు. వాళ్ల మాట నేను లెక్కలోకి తీసుకోను.

ఆ ఆషాఢంలో ఒక పొద్దున ముగ్గురు వచ్చారు. రాకాసిపేటలో పిండి గిర్ని నడిపే ప్రభుదాస్, అతని చెల్లెలు సుగుణ, వాళ్ల తల్లి శాంతమ్మ. మెథడిస్టు చర్చికి పోయే కుటుంబం కాబట్టి ఆషాఢంతో వాళ్లకు పట్టింపు లేదు. ప్రభుదాస్‌ది నా ఈడే, భుజాల మీద ఎప్పుడూ పిండి పొడి ఉంటుంది. సుగుణ నిజామాబాద్‌లో కంఠేశ్వర్ దగ్గర ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. పెళ్లి చేసుకోలేదు. ఆ దగ్గర్లోనే కిరాయి అర్రలో ఒక్కతే ఉంటుంది. శాంతమ్మ డెబ్బై దాటిన మనిషి. బీడీలు చుట్టి చుట్టి ఆమె వేళ్లు ఖాళీగా ఉన్నా కదులుతూనే ఉంటాయి.

"గంగారాం అన్న, ఒక రిలీజ్ డీడ్ రాయాలె" అన్నాడు ప్రభుదాస్. రిలీజ్ డీడ్ అంటే ఉమ్మడి ఆస్తిలో ఒకరు తమ హక్కు వదులుకుంటూ ఇంకొకరికి రాసిచ్చేది. "మా బాపు పోయిండు. ఆయన కట్టిన ఇల్లు పడగొట్టి ముందట గిర్ని, మీద ఇల్లు కడ్త. కాయిదం ఒక్కల పేరు మీద ఉంటేనే బ్యాంకోళ్లు ఇస్తరట. అవ్వ నాకు ఇస్తనన్నది. చెల్లె గూడ ఇస్తనన్నది."

"ఊకెనే ఇస్తదా?"

"ఊకెనే ఎట్లైతది? ఆమె హిస్సా ఆమె ఎన్నడో తీసుకున్నది." సంచిలోంచి ఒక జిరాక్సు తీసి నా ముందు పరిచాడు. "కోటగిరి నాలా కాలువ కింద మాకు రెండెకరాల చెరుకు భూమి ఉండె. ఈమె నర్సింగు సదువు కోసం మా బాపు అమ్మేసిండు. నన్ను గిర్నిల కూసోపెట్టి ఈమెను సదివిచ్చిండు. నేను ఉత్తగ అంటలేను, దస్తావేజులనే ఉన్నది. కొన్నాయన దగ్గర జిరాక్సు తెచ్చిన. మీరు గది సూసి మంచిగ రాయుండ్రి. చెల్లె సదువుకు భూమి పోయింది, గందుకే ఇంట్ల ఆమెకు హక్కు లేదు, ఆమెనే ఖుషీగ వదులుకుంటున్నది అని. మీ రాత మీద బోధన్‌ల మంచి పేరున్నది."

మా వృత్తిలో ఒక పద్ధతి ఉంది. హక్కు వదులుకునే మనిషిని పక్కకు పిలిచి, ఇష్టంతోనే చేస్తున్నారా అని అడుగుతాం. రేపు కోర్టులో నన్ను బెదిరించారంటే మొదటి సాక్షిగా నిలబడేది మేమే. సుగుణను చాయ్ బండి దగ్గరికి తీసుకుపోయి అడిగాను.

"సిస్టరమ్మా, నీ మర్జీతోనేనా?"

"మర్జీనే అన్నా" అంది. గ్లాసును రెండు చేతుల్లో పట్టుకుంది. "ఇరవై ఆరేండ్ల సంది వింటున్న గా మాట. పండుగకు ఇంటికొస్తె అన్నం పెట్టుకుంట అంటరు, బువ్వ గొంతుల వడ్తది. నర్సు డ్రెస్ తొడిగినప్పుడల్ల రెండెకరాల చెరుకు నెత్తి మీద మోస్తున్నట్టే ఉంటది. ఇచ్చేస్తె దిగిపోతది గద."

"మరి డ్యూటీ అయిపోయినంక ఏడికి పోతవ్?"

ఆమె గ్లాసు బండి మీద పెట్టింది. "నడుం నొస్తున్నదన్నా. ఇంకెన్నేండ్లు నిలవడి చేస్త? మా ఇంట్ల వెనక ఒక అర్ర ఉన్నది. బాయి దిక్కు తలుపు. నేను బతికినన్ని దినాలు అందుల ఉంటనని ఒక్క ముక్క రాయొచ్చా? అన్నను అడిగిన. ఉంటె ఉండు, రాసుడెందుకు అన్నడు. పడగొట్టినంక గా అర్ర ఏడుంటది?"

తిరిగొచ్చి బల్ల ముందు కూర్చుని జిరాక్సు చేతిలోకి తీసుకున్నాను. చేతిరాత దస్తావేజు. నేను చదివింది మాటలను కాదు, రాతను. 'మ'కు కొమ్ము లాగిన తీరు, 'త్త' కింద అక్కర్లేని తోక. అది నా రాత. చివర లేఖరిగా సంతకం మా ఉస్తాద్ హమీద్ సాబ్‌ది, రాసిన చేయి నాది. అప్పుడు నేను ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నాను. ప్రభుదాస్ గీత గీసి తెచ్చిన వాక్యం ఇది: "నా కుటుంబ అవసరముల నిమిత్తమును, ముఖ్యముగా నా సంతానము యొక్క ఉన్నత విద్యాభ్యాసము నిమిత్తమును ద్రవ్యము అవసరమైనందున..."

నాకు మొదట కలిగింది గర్వమే. ఇన్నేళ్ల తర్వాత కూడా ఎంత నిలబడ్డ వాక్యం అనిపించింది. రేపు రండి, డ్రాఫ్టు చదివి వినిపిస్తానని వాళ్లను పంపేశాను.

ఆ మధ్యాహ్నం రాసిన రిసైటల్ నా జీవితంలోనే గొప్పది. నాలా నీళ్లు, గడ పెరిగిన చెరుకు, కొడుకు గిర్నిలో పిండి మధ్య, కూతురు తెల్ల బట్టల్లో. తండ్రి ఒక కంట ఆనందం, ఒక కంట దుఃఖం. 'అందుకని' మీద 'అందుకని' పేర్చి సూది కూడా దూరకుండా కట్టాను. చివరికొచ్చేసరికి సుగుణ హక్కు వదులుకోకపోతేనే అన్యాయం అనిపించేటట్టు ఉంది. ఆ పాత వాక్యాన్ని అచ్చంగా ఎత్తి మధ్యలో నిలబెట్టాను, గోపురం లాగా.

మర్నాడు ముగ్గురూ బెంచీ మీద కూర్చున్నారు. డ్రాఫ్టును పార్టీలకు గట్టిగా చదివి వినిపించడం మా రివాజు. చదువు రానివాళ్లకు తెలియడానికి మొదలైన అలవాటు అది. నాలాంటివాళ్లకు మాత్రం సొంత రాత సొంత నోటితో వినుకునే అవకాశం. చదువుతూ చదువుతూ "సంతానము యొక్క" దగ్గరికొచ్చి తలెత్తాను, మెచ్చుకుంటారేమోనని. సుగుణ పెదవులు కదులుతున్నాయి. నాకంటే ముందే "ఉన్నత విద్యాభ్యాసము నిమిత్తమును" అనుకుంటున్నది. చర్చిలో ప్రార్థన ఒప్పజెప్పినట్టు. ఆ గ్రాంథికపు ముక్క ఆమెకు కంఠస్థం.

చదవడం ఆపి డ్రాఫ్టు కింద పెట్టాను. నా మాటకు జనం నవ్వడం చూశాను, నోరు తెరవడం చూశాను. ఒక మనిషి నా మాట కింద ఇరవై ఆరేళ్లు వంగి నడవడం అదే మొదటిసారి చూడటం.

"ఏమాయె అన్నా? సదువుండ్రి, మంచిగుంది" అన్నాడు ప్రభుదాస్.

"ప్రభుదాసన్నా, ఒక మాట చెప్త, కోపం చేయకు. ఈ లైను మీ బాపు చెప్పింది కాదు. నేను రాసింది."

"మీరే రాసిండ్రు, మా బాపు చెప్తె."

"చెప్పలె. మీ బాపు వచ్చేటాళ్లకే అది రాసి ఉన్నది."

ఇక్కడ మా ఉస్తాద్ పద్ధతి చెప్పాలి. హమీద్ సాబ్ ఉర్దూ రాతలో సిద్ధహస్తుడు, తెలుగు నామీద వదిలేసేవాడు. "అరే గంగారాం, దస్తావేజుకు మూడు గావాలె. ఎవరు, ఏది, ఎందుకు. మొదటి రెండు పార్టీ చెప్తడు. మూడోది అడిగితె పార్టీ సిగ్గుపడ్తడు, సోంచాయిస్తడు, టైం ఖరాబ్. గది మనమే రాసుకోవాలె" అనేవాడు. మా దగ్గర నాలుగు కారణాలు ఉండేవి. వైద్యం, సంతానం చదువు, వేరేచోట భూమి కొనుగోలు, ఉత్త కుటుంబ అవసరాలు. మేము రాసే ప్రతి దస్తావేజుకూ నకలు ఒక పుస్తకంలో దించుకునేవాళ్లం. ఒక పుస్తకం నడిచినన్నాళ్లు ఒకే కారణం. పుస్తకం నిండితే కారణం మారేది. పొద్దున్నే కూర్చుని పేర్లకు జాగా వదిలి, కారణం మాత్రం ముందే రాసిపెట్టడం నా పని. మనుషులు తర్వాత వచ్చేవాళ్లు.

ఇదంతా చెప్పాను. ప్రభుదాస్ ముందు నవ్వాడు. తర్వాత మొహం గట్టిపడింది.

"గంగారాం అన్న, ఏరు మీద పొలం తేలిపోయిందని చెప్పింది మీరే గద. మీ గప్పాలు బోధనంత ఎర్క. మా చెల్లె నిన్న చాయ్ కాడ ఏం చెప్పిందో ఏమో, ఇయ్యాల మీరు కొత్త కథ తెచ్చిండ్రు."

"నేనేం చెప్పలె" అంది సుగుణ. "నేను సంతకం పెడ్తనన్న గద."

"గట్లయితె పెట్టు. ఈయన కథ మనకెందుకు?"

నిజం చెప్పిన రోజునే జనం నమ్మకపోవడం కోతలు కోసే మా జాతికి వచ్చే జబ్బు. దానికి మందు ఒకటే, కాగితం. "అరగంట కూసోండ్రి, సంతకాలు ఎటుపోవు" అని చెప్పి స్కూటర్ మీద ఇంటికి పోయాను. ఉస్తాద్ పోయాక ఆయన నకలు పుస్తకాలు నా దగ్గరికే వచ్చాయి. అటక మీద రేకు పెట్టెలో ఉన్నాయి. నా భార్య కింద నిలబడి నిచ్చెన పట్టుకుని "గీ వయసుల కోతి వేషాలేంది" అంటుండగానే ఆ ఏటి పుస్తకం దొరికింది. అంచులు చెదలు తిన్నాయి, మధ్య బాగానే ఉంది.

షెడ్డులో బల్ల మీద పెట్టి విప్పాను. ప్రభుదాస్ తండ్రి దస్తావేజు నకలు దొరికింది. అదే వాక్యం. ముందు పేజీ తిప్పాను. సాలూర వైపు ఒక రైతు, ఇంటి జాగా. "సంతానము యొక్క ఉన్నత విద్యాభ్యాసము నిమిత్తమును." ఇంకో పేజీ. ఎడపల్లి నుంచి ఒక ముసలామె, మడి. అదే. ఇంకోటి. ప్రభుదాస్ వేలు పెట్టి ఒక్కొక్కటే చదువుతున్నాడు, నమ్మకూడదని పట్టుదలగా.

"అందరు పిల్లల్ని సదివిచ్చుకున్నరేమో. ఏమున్నది?"

"జర గీ పేజీ సూడు" అన్నాను.

అమ్మినవాడు బోధన్‌లో ఒక పహిల్వాన్. పేరు చెప్పగానే శాంతమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ పహిల్వాన్ లంగోటా కట్టి, పెళ్లి చేసుకోనని ఆంజనేయుడికి మొక్కుకున్న మనిషి, ఆడవాళ్లు ఎదురొస్తే రోడ్డు దాటేవాడని ఆ కాలంవాళ్లందరికీ తెలుసు. ఆయన కూడా తన సంతానము యొక్క ఉన్నత విద్యాభ్యాసము నిమిత్తమే ప్లాటు అమ్మాడు.

దాని తర్వాతి పేజీలో అమ్మింది మనిషి కూడా కాదు. ఒక భజన సంఘం. రోడ్డు మీది తన జాగాను సంఘం తన సంతానం పెద్ద చదువుల కోసం అమ్ముకుంది. అధ్యక్షుడు సంతకం కూడా పెట్టాడు.

"భజన సంఘానికి పిల్లలెట్ల పుట్టిరి బిడ్డా?" అని శాంతమ్మ అడిగింది.

సుగుణ నవ్వింది. ముందు ముక్కులోంచి, తర్వాత ఆపుకోలేక, బల్ల మీద తల ఆనించి నవ్వింది. నవ్వుతూ ఉండగానే ఏడుపయింది. తల్లి ఆమె వీపు మీద చేయి వేసింది. ప్రభుదాస్ మాత్రం నవ్వలేదు. పుస్తకం మూసి నావైపు చూశాడు.

"గట్లయితె మా బాపు భూమి ఎందుకమ్మిండు?"

నేను నోరు తెరిచాను. నిజం ఒప్పుకుంటాను, అప్పటికే నాలుక మీద ఒక కథ తయారైంది. మంచి కథ. తండ్రి త్యాగం ఉంటుంది, ఎవరి మీదా నింద పడదు, అన్నాచెల్లెళ్లు ఇద్దరూ కళ్లు తుడుచుకుని ఇంటికి పోతారు. అయిదు నిమిషాల్లో చెప్పగలను. కానీ పుస్తకం ఇంకా బల్ల మీదే ఉంది.

"నాకు తెల్వదు. కని ఒక పని చేద్దాం" అన్నాను. నా గొప్ప డ్రాఫ్టును తిరగేసి, వెనక తెల్లటి పక్కన నిలువు గీత కొట్టాను. "ఈసీ తీసినట్టు తీద్దాం. ఏ ఏడు ఏమైందో చెప్పుండ్రి. గందుకే, కాబట్టి, ఈమె చేయబట్టి అనే మాటలు ఒద్దు. ఏడు, ముచ్చట. గంతే."

ప్రభుదాస్‌కు చిరాకేసింది కానీ ఏళ్లు చెప్పడంలో తప్పేముందని మొదలుపెట్టాడు. "నేను పది తప్పిన ఏడు. లెక్కల్ల పోయింది. మల్ల కట్టిన, మల్ల పోయింది. గా ఏడే గిర్నిల చేరిన, మా మామ దగ్గర." నేను రాశాను. "దాని తర్వాత?" "దాని తర్వాత రెండేండ్లకు చెల్లె పన్నెండు పాసై నర్సింగు హాస్టల్‌కు పోయింది." రాశాను. "దాని తర్వాత?" "మరుసటేడు బాపు భూమి..."

ఆగిపోయాడు. కాగితం అతని వైపు తిప్పాను. చదువు మానడం పైన ఉంది, చెల్లెలి హాస్టల్ దాని కింద, భూమి అన్నిటికంటే కింద.

"నేను గిర్నిల చేరినంక మూడేండ్లకు అమ్మిండా?"

"తారీఖు జిరాక్సుల ఉన్నది."

"మరి సదువు ఫీజులకు..." అంటూ చెల్లెలి వైపు తిరిగాడు. సుగుణ ముక్కు తుడుచుకుంది. ఆమె కళ్లలో నాకు తెలిసిన చూపు ఒకటి కనిపించింది. హద్దులు కొలిచేటప్పుడు పాత హద్దురాయి సొంత దొడ్లోనే బయటపడ్డవాళ్ల చూపు.

"ఫీజు లేకుండె కదా అన్నా" అంది మెల్లగా. "మిషనోళ్ల స్కాలర్‌షిప్పు మీద పోయిన. హాస్టల్ ఫ్రీ, తిండి ఫ్రీ. ఒక రేకు పెట్టె, బస్సు కిరాయి తీసుకొని పోయిన ఇంట్ల నుంచి. గంతే."

"మరి ఇన్నేండ్లు చెప్పవైతివి?"

"నువ్వు కాయిదంల ఉన్నదంటివి. పుస్తకాలకు పోయినయేమో అనుకున్న."

"రెండెకరాల పుస్తకాలు సదివితె నువ్వు నర్సెందుకైతవే, దవాఖానకే మాలికువైతుంటివి" అంది శాంతమ్మ.

స్కాలర్‌షిప్ సంగతి సుగుణకు ఎన్నడూ తెలియకపోలేదు. తెలిసి కూడా ఆ కథలో దానికి చోటు దొరకలేదు. పది తప్పిన సంగతి ప్రభుదాస్ కూడా మరిచిపోలేదు. దాన్ని పెట్టుకోవడానికి ఆ కథలో గూడు లేదు, కాబట్టి ఎక్కడో మూలన పడేశాడు. నా వాక్యం వాళ్లకు అబద్ధం చెప్పలేదు. వాళ్ల దగ్గరున్న నిజాల్లో ఏవి పనికొస్తాయో, ఏవి రావో ఏరిపెట్టింది. అంతకంటే పెద్ద పని ఏ అబద్ధమూ చేయలేదు.

"అవ్వా, నువ్వు చెప్పు, ఎందుకమ్మిండు?" ప్రభుదాస్ తల్లి కాళ్ల దగ్గర గొంతుకూర్చున్నాడు.

శాంతమ్మ వేళ్లు గాలిలో బీడీ చుడుతున్నాయి. "నాకు చెప్పి అమ్మిండా బిడ్డా? గా ఏడు ఎద్దొకటి సచ్చిపోయింది. మీ బాపుకు కాలు వాసి నడువరాకపోయె. నాలా నీళ్ల కాడ పక్కోనితోని లొల్లి ఉండె. ఒక దినం కోటగిరి పోయొచ్చి, ఇగ చెరుకొద్దు అన్నడు. అన్నం తిని పండుకున్నడు. నేను అడగలె. అడిగితె చెప్పే మనిషా?"

మూడు ముక్కలూ రాశాను. ఎద్దు, కాలు, లొల్లి. ఒకదాని కింద ఒకటి, మధ్యలో ఏమీ లేకుండా. అవి కారణాలో కావో ఆమెకే తెలియదు.

ప్రభుదాస్ లేచి బయటికి పోయాడు. చాయ్ బండి పక్కన నిలబడ్డాడు, చాయ్ తీసుకోలేదు. అతని కోపం అబద్ధం కాదని నాకు అప్పుడు అర్థమైంది. ఆ ఒక్క వాక్యం పట్టుకుని అతను కూడా బతికాడు. పిండి మధ్య నిలబడ్డ ప్రతి రోజుకూ అది జవాబు. దాన్ని తీసేస్తే, లెక్కల పరీక్ష రెండుసార్లు పోయిన పదహారేళ్ల పిల్లగాడు ఒక్కడే మిగులుతాడు. ఎవరి కథనైనా విరగ్గొట్టే ముందు, దాని మీద ఎవరెవరు కూర్చున్నారో చూసుకోవాలి. నేను చూసుకోలేదు.

చాలాసేపటికి లోపలికొచ్చి నిలబడే మాట్లాడాడు. "వెనక అర్ర, బాయి, పోయేతందుకు తొవ్వ. చెల్లె పేరు మీద రాయుండ్రి. ముందటిది నాకు. అవ్వ ఎవరి దగ్గరుంటనంటె వాళ్ల దగ్గర." సుగుణ వైపు చూడకుండా అన్నాడు. "నేను మూడు ఫీట్లు ఇటు జరిగి కట్టుకుంట."

"అన్నా, నేనేం అడగలె..."

"నువ్వు ఎన్నడడిగినవ్, ఊకో. ఇరవై ఆరేండ్లు నా నోరు వింటివి. ఇగ బాయి కాడ గిర్ని సప్పుడు విను." అప్పుడామె వైపు చూశాడు. "కని పొద్దుగాల ఆరింటికే మొదలువెడ్త, చెప్తున్న."

రిలీజ్ డీడ్ పోయి పార్టిషన్ డీడ్, అంటే భాగపంపకం అయింది. బ్యాంకుకు అతని వాటా అతని పేరు మీద ఉంటే చాలు. ఈ ముక్క నేను మొదటి రోజే చెప్పి ఉండాల్సింది, నా వాక్యం చూసుకుని మురిసిపోవడంలో మరిచాను. రిసైటల్ మూడు లైన్లలో అయిపోయింది. ఇల్లు ఎవరు కట్టారు, ఆయనకు వారసులు ఎవరు, ఎట్లా పంచుకుంటున్నారు. చెరుకు లేదు, కన్నీళ్లు లేవు, ఒక్క 'అందుకని' లేదు. సబ్ రిజిస్ట్రార్ తిరగేసి, మళ్లీ తిరగేసి, "గంగారాం, తబియత్ బాగుందా? రెండో పేజీ ఇంటి దగ్గర మరిచినవా?" అని అడిగాడు.

వేలిముద్రలు, ఫోటోలు అయ్యాక తల్లిని, చెల్లెలిని ఆటో ఎక్కించి, ప్రభుదాస్ ఒక్కడే మళ్లీ నా షెడ్డుకు వచ్చాడు. బెంచీ మీద కూర్చున్నాడు.

"అన్నా, గా దినం మా బాపు మీ ముందట కూసున్నడు గద. ఎట్లుండె? ఏమన్న అన్నడా? మొకం ఎట్లున్నది?"

నాకిది తేలిక. రుమాలు తీసి మడత పెట్టుకున్నాడని, పెన్ను పట్టుకుని ఒక్క క్షణం ఆగాడని, కొడుకు పేరు అన్నాడని చెప్పగలను. ఎవరూ కాదనలేరు. ఉస్తాద్ లేడు, ఆ తండ్రి లేడు. ఆ కొడుకు ఆ మాటను ఇంకో ఇరవై ఆరేళ్లు జేబులో పెట్టుకు తిరుగుతాడు.

"యాదికి లేదన్నా" అన్నాను. "నేను కాయిదం దిక్కే సూస్తున్నుంటి. మొకం సూడలె."

అతను తలాడించి వెళ్లిపోయాడు. నేను చెప్పిన కథల్లో జనం నమ్మనివి చాలా ఉన్నాయి. నిజమే అయినా, నమ్మినందుకు నాకు బాధ కలిగిన మాట ఇదొక్కటే.

ఈ కేసు నాకు నేర్పింది నా పని మానుకోమని కాదు. కథ లేకుండా ఏ ఇల్లూ, ఏ ఊరూ తన గతాన్ని మోయలేదు. వట్టి ఈసీతో ఎవరూ బతకరు. ఇప్పటికీ ఆషాఢంలో మా షెడ్డుకొస్తే మంజీర మీద తేలిన ఎకరం ముచ్చట చెప్తాను, ఈసారి దాని మీద రెండు ఎడ్లు కూడా ఉంటాయి. కానీ బల్ల మీద దస్తావేజు ఉన్నప్పుడు ముందు ఏళ్ల వరుస రాసుకుంటాను. దానికి ఎదురు తిరిగే కథ ఎంత అందంగా ఉన్నా పక్కన పెడతాను. 'ఎందుకు' దగ్గరికి రాగానే కీబోర్డు మీంచి చేతులు తీసి ఎదుటి మనిషి మొహం చూస్తాను. అతను చెప్తే అతని మాటల్లోనే రాస్తాను. సిగ్గుపడితే ఆగుతాను. చెప్పనంటే ఆ చోటు ఖాళీగా వదిలేస్తాను. ఖాళీ ఉందని ఇంతవరకు ఏ దస్తావేజూ తిరిగి రాలేదు.